హంతకుడెవరో ముందే తెలిసినా వదలబుద్ధి కాని హిందీ క్రైమ్ సిరీస్‌లు

పెన్నా_ఒడ్డు | శుక్రవారం, రాత్రి 11:42

అందరికీ నమస్తే. మూడు వారాలుగా రాత్రి అన్నం తిన్నాక రోజుకో ఎపిసోడ్ చొప్పున హిందీ క్రైమ్ సిరీస్‌లు చూస్తున్నాను. కొన్ని మొదటిసారి, కొన్ని రెండోసారి. నిన్న 'దహాడ్' రెండోసారి పూర్తయింది. అప్పటి నుంచీ ఒక ఆలోచన వదలడం లేదు, అందుకే ఈ చర్చ పెట్టాను.

2023 మేలో ప్రైమ్‌లో వచ్చినప్పుడు చూసి, బాగుంది కానీ సాగదీశారు అనుకున్నాను. హంతకుడు ఆనంద్ స్వర్ణకార్ అని మొదట్లోనే మనకు తెలిసిపోతుంది కదా, ఇంకా ఎనిమిది ఎపిసోడ్లు ఎందుకు అనిపించింది. ఇప్పుడు చూస్తే ఆ ఎనిమిదీ వాడిని పట్టుకోవడానికి కాదు, వాడిని ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదో చెప్పడానికి అని అర్థమైంది. చెల్లెలు కనిపించడం లేదని ఒక పేద కుర్రాడు స్టేషన్ చుట్టూ తిరుగుతుంటాడు. ఎవరూ కదలరు. అదే ఊళ్లో ఒక ఠాకూర్ అమ్మాయి ముస్లిం అబ్బాయితో వెళ్లిపోతే ఊరంతా రోడ్డెక్కుతుంది. చివరికి ఆ కుర్రాడు తన చెల్లెలు కూడా ముస్లిం అబ్బాయితోనే వెళ్లిందని అబద్ధం చెప్తాడు. అప్పుడు కదులుతుంది కేసు! మొదటిసారి చూసినప్పుడు నేను దీన్ని మామూలు మలుపు అనుకుని దాటేశాను.

ఇంకొకటి. ఎస్ఐ అంజలి భాటి పక్క నుంచి వెళ్తుంటే స్టేషన్‌లో ఒకడు అగరుబత్తి వెలిగిస్తాడు. ఆమె కులం ఏమిటో, అది ఎలాంటి స్టేషనో తెలియడానికి ఆ పొగ చాలు.

నా లెక్కలో ఊరి మీద, స్టేషన్ మీద, పోలీసుల ఇళ్ల మీద నిలబడ్డ సిరీస్ రెండోసారి ఇంకా బాగుంటుంది. 'ఎవరు చంపారు' అన్న ఒక్క ప్రశ్న మీద నిలబడ్డది రెండోసారి చూడలేం. మీ లెక్కలో ఏవి నిలబడతాయి? స్పాయిలర్ ఉంటే పైన ఒక మాట రాయండి.

ఇంకో సాయం కూడా కావాలి. మా అమ్మకు 64 ఏళ్లు, ఈ మధ్యే నా దగ్గరికి వచ్చింది. హిందీ కొంచెం కొంచెం అర్థమవుతుంది. బూతులు ఎక్కువుంటే లేచి వెళ్లిపోతుంది. ఆమెతో కలిసి చూడదగ్గది ఒకటి చెప్పండి.

---

సస్పెన్స్_ప్రియ | శనివారం, ఉదయం 7:15

నేను ఒప్పుకోనండి. మిస్టరీ అన్నాక మిస్టరీ ఉండాలి. నాకు 'అసుర్' మొదటి సీజన్ అంటే ప్రాణం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు కొద్దిగా ముందు వచ్చింది. ఎనిమిది ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూసేశాను. వారణాసి ఘాట్లు, ఆ పురాణం గొడవ, ఫోరెన్సిక్ ల్యాబు, మధ్యలో అర్షద్ వార్సీ, బరున్ సోబ్తీ ఒకరినొకరు నమ్మకపోవడం! ఇద్దరిలో ఎవరు కరెక్టో తేల్చుకోలేక టెన్షన్‌తో చచ్చాను. 'దహాడ్' నాలుగో ఎపిసోడ్‌లో ఆపేశాను. ఆరు ఎపిసోడ్లకు కుదిస్తే పూర్తి చేసేదాన్నేమో.

---

పెన్నా_ఒడ్డు | శనివారం, ఉదయం 8:02

ప్రియ గారూ, 'అసుర్'లో కూడా ఆ పిల్లాడి చిన్నప్పటి కథ ముందే చెప్తూ వస్తారు కదా. వాడే చంపుతున్నాడని మనకు తెలుసు. పెద్దయ్యాక ఎవరి ముఖంతో తిరుగుతున్నాడన్నదే తెలియదు. ఆ సిరీస్ కూడా నా వైపే ఉందేమో చూడండి.

---

రాత్రి_డ్యూటీ | శనివారం, మధ్యాహ్నం 2:30

నేను నర్సుని. సిరీస్‌లు ఎక్కువ చూడను, టైమ్ ఉండదు. కానీ 'దహాడ్' గురించి రాశారని ఆగాను.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పని చేసే ఆమె కూతురు రెండు రోజులు ఇంటికి రాలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల. నేను ఆమెను తీసుకుని స్టేషన్‌కు వెళ్లాను. అక్కడ కూర్చున్నతను తల కూడా ఎత్తలేదు. "ఎవడితోనో పోయుంటదిలేమ్మా, నాలుగు రోజులాగండి, అదే ఫోన్ చేస్తది" అన్నాడు. ఆ తల్లి చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను గట్టిగా అడిగితే కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాం. దాన్ని పేపర్‌వెయిట్ కింద పెట్టారు. కంప్లైంట్ ఇచ్చినట్టు రసీదు అడగాలని కూడా నాకు అప్పట్లో తెలియదు.

ఆ పిల్ల తర్వాత క్షేమంగానే దొరికింది. మరో ఊళ్లో స్నేహితురాలి దగ్గరుంది. కానీ ఆ నాలుగు రోజులు ఆ తల్లి ఎలా ఉందో నేను చూశాను. 'దహాడ్'లో చనిపోయిన ఆడవాళ్లు పాతిక మందికి పైనే. వాళ్ల ఇళ్లల్లో చాలామంది వెతకనే లేదు. లేచిపోయింది కాబట్టి చచ్చినదానితో సమానం అనుకున్నారు. హంతకుడికి కావలసింది సరిగ్గా అదే. సైనైడ్ కన్నా ఆ మాటే వాడికి ఎక్కువ పనికొచ్చింది.

ప్రియ గారూ, కోపం తెచ్చుకోకండి. వీలైతే ఐదో ఎపిసోడ్ నుంచి మళ్లీ చూడండి.

---

ఖాకీ_విశ్రాంతి | శనివారం, సాయంత్రం 5:48

రాత్రి_డ్యూటీ అమ్మా, మీరు రాసింది చదివి తల దించుకున్నాను. నేను ఎస్ఐగా రిటైరయ్యాను. మా స్టేషన్లలో అలాంటి మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నేనూ ఒకటి రెండుసార్లు అనే ఉంటాను.

వారంట్ లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. మా పరిధి కాదని తిప్పి పంపకుండా జీరో ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది రాతపూర్వకంగానే ఉంది. ఎవరికైనా అవసరం పడొచ్చని ఇది ఇక్కడ రాస్తున్నాను.

'దహాడ్' చూస్తుంటే నాకు కర్ణాటక కేసు గుర్తొచ్చింది. 2003 నుంచి 2009 దాకా అక్కడ బస్టాండ్ల మరుగుదొడ్లలో ఆడవాళ్ల శవాలు దొరుకుతూ వచ్చాయి. పెళ్లి చేసుకుంటానని నమ్మించి, గర్భం రాకుండా మాత్ర అని చెప్పి సైనైడ్ ఇచ్చేవాడు. వాడు బడిపంతులు. ఒక్కో శవం ఒక్కో స్టేషన్ పరిధిలో పడింది. ఒక్కో స్టేషన్‌లో గుర్తు తెలియని మహిళ అని పంచనామా రాసి, ఫైలు కట్టి, అలమరలో పెట్టారు. ఫైళ్లన్నీ ఒకే బల్ల మీదకి రావడానికి ఏళ్లు పట్టింది. సిరీస్‌లో అంజలి చేసే పని అదే, ఫైళ్లను ఒక బల్ల మీదకు తేవడం. మా ఉద్యోగంలో తొంభై వంతులు ఇదే. చేజింగులూ కాల్పులూ ఎప్పుడో ఒకసారి.

పోలీసు పని నిజంగా తెలిసి తీశారనిపించింది మాత్రం 'ఢిల్లీ క్రైమ్' మొదటి సీజన్. 2019లో వచ్చింది, ఏడు ఎపిసోడ్లు, రిచీ మెహతా తీశారు. 2012 డిసెంబర్ నిర్భయ కేసు. దేశమంతా చూస్తున్న కేసు నడుస్తుంటే స్టేషన్‌లో కరెంటు పోతుంది. బండికి డీజిల్ కోసం ఆలోచించాలి. కానిస్టేబుల్ రెండు రోజులుగా ఇంటికి వెళ్లడు. బయట జనం రాళ్లు వేస్తుంటారు. నేను నైట్ బందోబస్తు చేసిన రోజులన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఆ నేరాన్ని తెర మీద చూపించలేదు, అందుకు ఆ దర్శకుడికి దండం. ఆసుపత్రిలో డాక్టర్ రిపోర్టు చెప్తుంటే డీసీపీ వర్తికా చతుర్వేది ముఖం చూపిస్తారు. ఆ పాత్ర వేసిన షెఫాలీ షా కళ్లు చాలు. 2020లో ఇంటర్నేషనల్ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్ అవార్డు దీనికే వచ్చింది.

ఒక అభ్యంతరం కూడా ఉంది, దాదాపు అన్ని సిరీస్‌ల మీదా. నిందితుణ్ని నాలుగు తగిలించగానే ఒప్పేసుకుంటాడు, కేసు అయిపోతుంది. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. వాడు చూపించిన చోట కత్తి దొరికితే, ఆ దొరికిన సంగతి వరకే నిలుస్తుంది. అందుకే పంచనామా సాక్షులు, వాళ్ల సంతకాలు, సీలు, స్టేషన్ రైటర్ రాత్రంతా కూర్చుని రాసే కేసు డైరీ. ఇది చూపించే సిరీస్ కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

---

సస్పెన్స్_ప్రియ | శనివారం, సాయంత్రం 6:20

రాత్రి_డ్యూటీ అక్కా, కోపం ఎందుకు? ఐదో ఎపిసోడ్ నుంచి చూస్తాను, మాట ఇస్తున్నా. సార్, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

---

చీరాల_గాలి | శనివారం, రాత్రి 9:55

(స్పాయిలర్ ఉంది: 'ఢిల్లీ క్రైమ్' రెండో సీజన్)

అందరూ మొదటి సీజన్ గురించే మాట్లాడతారు. రెండో సీజన్ 2022 ఆగస్టులో వచ్చింది, ఐదే ఎపిసోడ్లు. నా వరకూ అది ఇంకా లోతుగా గుచ్చుకుంది.

కథ ఇది. ఢిల్లీలో ముసలి దంపతుల్ని రాత్రిపూట ఇళ్లల్లో చంపుతుంటారు. చేసిన తీరు చూసి ఇది ఫలానా తెగవాళ్ల పనేనని నిర్ధారించేస్తారు. ఆ తెగల మీద నిపుణుడినని చెప్పుకునే ఒక రిటైర్డ్ ఆఫీసర్ని పిలిపిస్తారు. ఇక బస్తీలో దొరికినవాళ్లని దొరికినట్టు వ్యానెక్కిస్తారు. అసలు నేరం చేసింది ఆ తెగవాళ్లు కానే కాదు. నింద ఎలాగూ వాళ్ల మీదికే పోతుందని తెలిసినవాళ్లు వాళ్ల పద్ధతిని అనుకరించారు.

మా ఊరి నుంచి స్టూవర్టుపురం ఎంత దూరమో ఇటువైపువాళ్లకు చెప్పక్కర్లేదు. చీరాలకూ బాపట్లకూ మధ్య, రైలు పట్టాల పక్కనే. 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్మెంట్‌లో పెట్టారు. హాజరు వేయించుకోకుండా ఊరు దాటడానికి వీల్లేదు. 1952లో చట్టం పోయింది, పేరు మాత్రం పోలేదు.

డిగ్రీలో నాకొక క్లాస్‌మేట్ ఉండేవాడు, ఆ ఊరివాడే. హాస్టల్లో ఒకడి వాచీ పోయింది. ఎవరూ వాడి పేరు పైకి అనలేదు. కానీ ఆ రాత్రి వాడే లేచి తన ట్రంకుపెట్టె తెరిచి, బట్టలన్నీ ఒక్కొక్కటీ తీసి మంచం మీద పరిచాడు. మేం పది మందిమి నిలబడి చూశాం. "అక్కర్లేదురా, సర్దెయ్" అని ఒక్కరం కూడా అనలేదు. వాచీ మర్నాడు స్నానాల గది గూట్లో దొరికింది.

ఆ సీజన్‌లో పోలీసులు బస్తీవాళ్లను వరసగా కూర్చోబెట్టిన సీన్ దగ్గర నేను టీవీ ఆపేసి బయటికి వెళ్లిపోయాను. వాడి నంబర్ నా దగ్గర లేదు ఇప్పుడు.

---

హ్యూస్టన్_గోదారి | ఆదివారం, ఉదయం 6:10

చీరాల గారూ, మీ పోస్ట్ చదివాక వెంటనే ఏం రాయాలో తోచలేదు. కాసేపాగి రాస్తున్నాను.

నా ఓటు 'కోహ్రా'కి. నెట్‌ఫ్లిక్స్, 2023 జూలై, ఆరు ఎపిసోడ్లు. మాటలు ఎక్కువ పంజాబీలోనే ఉంటాయి కానీ హిందీ సిరీస్‌ల మధ్యే దాని గురించి మాట్లాడుకుంటాం కాబట్టి ఇక్కడ రాస్తున్నా. పెళ్లికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన కుర్రాడు పొలాల్లో శవమై కనిపిస్తాడు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇది తప్పక చూడాలి. పెళ్లి సంబంధాల కోసం ఇండియా వచ్చే కుర్రాడి చుట్టూ ఇల్లంతా ఎలా కూర్చుంటుందో మాకు తెలుసు. అమ్మానాన్నలకు వాడు ఎవరో తెలియదు, ఏ ఉద్యోగమో తెలుసు. వాడు కూడా చెప్పడు. నేనూ అలాగే వచ్చి, మూడు వారాల్లో పెళ్లి చేసుకుని వెళ్లినవాణ్నే.

దర్యాప్తు చేసే పోలీసు బల్బీర్ సింగ్‌గా సువిందర్ విక్కీ నటన గురించి ఎంత రాసినా తక్కువే. కూతురు కాపురం వదిలేసి వచ్చేస్తానంటే తిరిగి పంపాలని చూసే తండ్రి, బయటికెళ్లి ఇంకొకరి ఇంటి గుట్టు విప్పుతుంటాడు. స్టేషన్‌లో చేతికి దొరికినవాణ్నల్లా కొడతారు. ఖాకీ సార్ చెప్పినట్టే, తన్ని చెప్పించిన మాట వాళ్లని దారి తప్పిస్తుంది కూడా.

'కోహ్రా' వెనకా, 'పాతాళ్ లోక్' వెనకా ఉన్నది ఒకే మనిషి, సుదీప్ శర్మ. రెండూ వరసగా చూస్తే తెలిసిపోతుంది. 'పాతాళ్ లోక్' (2020, తొమ్మిది ఎపిసోడ్లు)లో హత్యకు కుట్ర పన్నారన్న నలుగురూ మొదటి ఎపిసోడ్‌లోనే వంతెన మీద దొరికిపోతారు. అక్కడి నుంచి కథ వెనక్కి నడుస్తుంది, చిత్రకూట్‌కి, పంజాబ్‌కి, ఒక్కొక్కడి బాల్యానికి. పెన్నా_ఒడ్డు గారి మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. రెండో సీజన్ (2025 జనవరి) నాగాలాండ్‌లో నడుస్తుంది. అందులో కపిల్ రెడ్డి పాత్ర వేసింది మన 'హైదరాబాద్ బ్లూస్' దర్శకుడు నాగేశ్ కుకునూర్. అదే ఏడాది జూలైలో ఆయన రాజీవ్ గాంధీ హత్యకేసు దర్యాప్తు మీద 'ది హంట్' తీశారు. అక్కడ కూడా ఎవరు చేశారో దేశమంతటికీ తెలుసు కదా! అయినా చివరిదాకా కూర్చోబెట్టారు.

---

బేగంబజార్_కుర్రోడు | ఆదివారం, ఉదయం 9:30

'దహాడ్' విజయ్ వర్మ మన హైదరాబాదోడే. తెలుగోళ్లకు 'ఎంసీఏ' విలన్‌గా ముందే తెలుసు. ఆ సినిమాలో అరుస్తడు, ఇందులో గొంతు లేపడు. వారాంతంలో పుస్తకాల వ్యాన్ ఏసుకుని ఊర్లు తిరిగే లెక్చరర్. కొడుకుతో ఎంత మంచిగ ఉంటడో చూస్తుంటేనే భయమైతది. అరవకుండా భయపెట్టుడు అందరితోని కాదు.

---

మాటల_మూట | ఆదివారం, ఉదయం 11:25

నేను పదేళ్లుగా డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. ఏ సంస్థలకన్నది ఇక్కడ వద్దు. తెలుగు ఆడియోలో చూడాలా, అసలు భాషలో చూడాలా అన్నది ఈ వేదికలో తరచూ వస్తుంది కాబట్టి చెప్తున్నా. క్రైమ్ సిరీస్‌లైతే, ఓపిక ఉంటే అసలు భాషలోనే చూడండి. నా పొట్ట కొట్టుకునే మాటే అయినా నిజం ఇదే.

ఒక చిన్న మాట చూడండి. 'ఢిల్లీ క్రైమ్'లో వర్తికను కిందివాళ్లు 'మేడమ్ సర్' అంటారు. మేడమ్ అంటే ఆడమనిషి, సర్ అంటే అధికారి. ఆ కుర్చీ మగవాడి కోసం చేసిందనీ, అందులో ఈమె కూర్చుందనీ ఆ రెండు పదాల్లో ఉంది. తెలుగులో 'మేడమ్' అని రాస్తే సగం పోతుంది. 'మేడమ్ సర్' అనే ఉంచితే మనవాళ్లకు తప్పు దొర్లినట్టు వినిపిస్తుంది.

ఇంకొకటి. ఉత్తరాది పోలీసులు పైఅధికారిని 'జనాబ్' అంటారు. ఆ మాట చివర పెదాలు మూసుకుంటాయి. మనం 'సార్' అని పెడితే నోరు తెరిచి ఉంటుంది. క్లోజప్‌లో అది దొరికిపోతుంది. పెదాలు కలిసే చోట మాకూ ప, బ, మ పడాలి. అందుకని కొన్నిసార్లు 'సాబ్' అని రాయాల్సి వస్తుంది, చూసేవాళ్లేమో ఇది తెలుగేనా అని తిడతారు.

'పాతాళ్ లోక్' రెండో సీజన్‌లోనైతే భాషే కథ. ఢిల్లీ పోలీసు హాథీరామ్ నాగాలాండ్ వెళ్లి, చుట్టూ ఉన్నవాళ్ల నాగమీస్ అర్థంకాక నిలబడతాడు. అందరూ ఒకే తెలుగు మాట్లాడేస్తే అతను అక్కడ పరాయివాడని మనకెలా తెలుస్తుంది? అలాగని అతని హరియాణా యాసకు బదులు తెలంగాణ యాసో సీమ యాసో పెడదామా అంటే, యమునకు అవతలి ఒడ్డున ఉండే పోలీసు కాస్తా మన పక్కింటాయన అయిపోతాడు. ఇలాంటి చోట తలపట్టుకుని ఒక్క సీన్‌కు ఒక పూటంతా కూర్చున్న రోజులున్నాయి.

పెన్నా_ఒడ్డు గారూ, అమ్మగారి కోసం ఒకటి. 'క్రిమినల్ జస్టిస్' రెండో సీజన్, 'బిహైండ్ క్లోజ్డ్ డోర్స్', 2020 డిసెంబర్‌లో హాట్‌స్టార్‌లో వచ్చింది. పేరున్న లాయరును భార్య కత్తితో పొడుస్తుంది. పొడిచింది ఆమేనని మొదటి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది. ఎందుకో మాత్రం ఆమె నోరు విప్పదు. ఆమె తరఫు లాయరు మాధవ్ మిశ్రా, పంకజ్ త్రిపాఠీ. పట్నా నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురు రత్నకూ అతనికీ మధ్య నడిచేది అమ్మగారికి నచ్చుతుంది. విషయం మాత్రం బరువైనది, పడకగదిలో జరిగే హింస. మీరు ముందు ఒక ఎపిసోడ్ చూసుకోండి.

---

ఖాకీ_విశ్రాంతి | ఆదివారం, మధ్యాహ్నం 12:40

మాటల_మూట గారు చెప్పిన సీజన్ నేనూ చూశాను. పద్దెనిమిదేళ్లు దాటిన భార్యను భర్త బలవంతం చేసినా అది అత్యాచారం కిందికి రాదని పాత చట్టంలో ఉన్న మినహాయింపు కొత్త చట్టంలోనూ అలాగే ఉంది. అందుకే కోర్టులో ఆ లాయరుకు అంత కష్టమవుతుంది. అది తెలిసి చూడండి.

చీరాల బాబూ, మీ స్నేహితుడి నంబర్ కాలేజీ పాత విద్యార్థుల దగ్గర దొరకొచ్చు. ఒకసారి ప్రయత్నించండి.

---

సస్పెన్స్_ప్రియ | సోమవారం, రాత్రి 12:50

(స్పాయిలర్ లేదు)

'దహాడ్' పూర్తి చేశాను. ఎపిసోడ్లు ఎక్కువన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ ఆ ఇళ్లకు ఒక్కొక్క దానికీ అంజలి వెళ్లి మీ అమ్మాయి చనిపోయిందని చెప్తుంటే, కొందరి ముఖాల్లో ఏడుపు కన్నా ముందు ఇంకేదో కనిపించింది. ఇన్నాళ్లూ తిట్టుకున్న పిల్ల తమను వదిలి ఎక్కడో సుఖంగా లేదని తెలిసిన ముఖం. రాత్రి_డ్యూటీ అక్కా, మీరు చెప్పకపోతే అక్కడిదాకా వెళ్లేదాన్ని కాదు.

సస్పెన్స్ మాత్రం వదలను. 'అసుర్' రెండో సీజన్ మీద నాకు చాలా కంప్లైంట్లున్నాయి, వేరే చర్చ పెడతాను.

---

చీరాల_గాలి | సోమవారం, సాయంత్రం 7:05

సార్, ఇద్దరికి మెసేజ్ పెట్టాను. ఒకరు వెతుకుతానన్నారు.

---

పెన్నా_ఒడ్డు | మంగళవారం, రాత్రి 11:15

అమ్మతో 'బిహైండ్ క్లోజ్డ్ డోర్స్' మొదలుపెట్టాను. మొదటి రోజు మధ్యమధ్యలో ఆపి నేనే మాటలు చెప్పాను. రెండో రోజు రెండో ఎపిసోడ్ సగంలో "నువ్వు చెప్పకు, నాకు అర్థమవుతోంది" అంది. స్టేషన్‌లో ఆ అమ్మాయిని అందరూ చుట్టూ చేరి అడుగుతుంటారు, ఎందుకు చేశావు, ఎందుకు చేశావు అని. ఆమె గోడకేసి చూస్తూ ఉంటుంది. నేను పక్కకు తిరిగి, "అంతమంది అడుగుతుంటే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"ఇప్పుడడుగుతున్నారు గానీ, ముందెవరడిగారు?" అంది అమ్మ. మళ్లీ టీవీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇవాళ నాలుగోది అయింది. నేను ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే తానే రిమోట్ పట్టుకుని కూర్చుంటోంది. ఇది పూర్తవగానే 'కోహ్రా' అనుకుంటున్నాం. హ్యూస్టన్ గారూ, అందులో బూతులు ఏ మాత్రం ఉంటాయో ఒకసారి చెప్పండి.

---

హ్యూస్టన్_గోదారి | బుధవారం, ఉదయం 6:30

చాలానే ఉంటాయండి. పంజాబీలో కాబట్టి సగం అర్థం కాకపోవచ్చు. అమ్మగారికి ముందే చెప్పి మొదలుపెట్టండి.